కొర్రమీను ఊపిరి: ఉస్మానియా జంతుశాస్త్ర శాఖ పరిశోధన మన చెరువులకు చెప్పు సంగతి

హైదరాబాదు పాతబస్తీలోని దూద్‌బౌలి పేరు వినని రైతు తెలంగాణములో అరుదు. మృగశిర కార్తె ప్రవేశించు దినమున ఉబ్బసపు రోగులకు చేపమందు పంచు బత్తిని వారి ఇల్లు అక్కడిదే. 1845 నుండి ఈ మందు ఇచ్చుచున్నామని ఆ కుటుంబమువారు చెప్పుదురు. జనము పెరిగిన కొలది ఈ పంపకము పాతబస్తీ ఇరుకు వీధుల నుండి నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానమునకు మారినది. రెండు మూడు అంగుళముల పొడవుగల బ్రతికియున్న కొర్రమీను పిల్ల నోటిలో మందు ముద్దనుంచి, ఆ పిల్లను రోగిచే మ్రింగించెదరు. మందు గుణము సంగతి తేల్చవలసినవారు వైద్యులు. శాస్త్రీయమైన రుజువు లేదని వారు అనుచునే యున్నారు. మన పత్రికకు పనికివచ్చు ప్రశ్న వేరొకటి. ఇన్ని చేపలుండగా కొర్రమీనే ఎందుకు? చిన్న సంచిలో గ్లాసెడు నీటితో, జూన్ నెల ఉక్కలో, వరుసలో నిలుచున్న మనిషి చేతిలో ఆ పిల్ల గంటల తరబడి బ్రతికియుండుట ఎట్లు? బొచ్చె పిల్ల గాని, రవ్వు పిల్ల గాని ఆ సంచిలో అంతసేపు నిలువదు.

ఈ ప్రశ్నకు సమాధానము వెదకినవారిలో ముఖ్యులు మన హైదరాబాదులోనే, ఉస్మానియా విశ్వవిద్యాలయపు జంతుశాస్త్ర శాఖలోనే పనిచేసిరి. ఆ సంగతి మన గ్రామములకు చేరవలసినంతగా చేరలేదు. చేరకపోవుటవలన కలుగు నష్టము ఎట్టిదో నాకు అనుభవపూర్వకముగా తెలియును. తప్పు నాదే గనుక దానిని మొదట చెప్పుట న్యాయము.

నేను వ్యవసాయశాస్త్రములో పట్టము పొందినవాడను. మా చదువులో వరి, జొన్న, ఆముదములకు దొరికిన చోటు చేపకు దొరకలేదు. నేను ఉద్యోగములో చేరిన తొలి రోజులలో ఒక గ్రామమున ఒక రైతు పది గుంటల నేలలో నీటికుంట త్రవ్వి, కొర్రమీను పెంచదలచి నన్ను సలహా అడిగెను. పిల్లలను దూరము నుండి జీపులో తేవలసియుండెను. దారిలో నీరు తొణకినచో పిల్లలు డబ్బా గోడలకు కొట్టుకొని దెబ్బతినునని నాకు తోచినది. డబ్బాలను అంచువరకు నింపి మూతలు బిగించుడని చెప్పితిని. మూడు గంటల ప్రయాణము. కుంట గట్టున మూతలు తీయగా పిల్లలన్నియు పొట్టలు పైకి త్రిప్పి పడియుండెను. రైతు నన్ను ఒక్క మాటయు అనలేదు. అదియే నాకు ఎక్కువ బాధ కలిగించినది. ప్రక్కనున్న ఒక వృద్ధుడు, పుట్టుక నుండి చెరువులో వల వేసినవాడు, డబ్బాలోనికి తొంగిచూచి ఇట్లనెను: "సారూ, ఇవి నీళ్లు తక్కువై సావలే, ఎక్కువై సచ్చినయ్. కొర్రమట్టకు గాలి మింగ సందియ్యకుంటే నీళ్లల్లనే మునిగి సస్తది."

చేప నీటిలో మునిగి చచ్చుటయా అని ఆనాడు నేను నమ్మలేదు. తరువాత పుస్తకములు చూచితిని. ఆ వృద్ధుడు చెప్పినది అక్షరాల నిజము.

ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో స్థాపింపబడినది. తొలి సంవత్సరములలో నగరములోని అద్దె ఇండ్లలో తరగతులు నడచెను. నేడు మనము చూచు ఆర్ట్స్ కళాశాల భవనము 1939లో గాని తెరువబడలేదు. ఆ కాలమున అక్కడ జంతుశాస్త్రము బోధించినవారు బి. కె. దాస్ గారు. గాలి పీల్చు భారతదేశపు చేపల జీవనమును గూర్చి, వాటి శ్వాసావయవములు పిల్లదశ నుండి ఎట్లు ఏర్పడునో వివరించుచు ఆయన వ్రాసిన పెద్ద వ్యాసము 1927-28లో లండన్ రాయల్ సొసైటీవారి పత్రికలో అచ్చయినది. 1934లో మరియొక వ్యాసము అదే సొసైటీవారు ప్రచురించిరి. నీటిని విడిచి గాలికి అలవాటుపడుటలో తొలిమెట్టు మీదనున్న ఒక బురద చేప దాని విషయము. 1940లో మద్రాసులో జరిగిన భారత విజ్ఞాన మహాసభలో జంతుశాస్త్ర విభాగమునకు అధ్యక్షత వహించినప్పుడును ఆయన ఎన్నుకొన్న విషయము ఈ గాలి పీల్చు చేపలే.

ఆ శాఖలోనే ఎం. రహీముల్లా గారు కొర్రమీను జాతి చేపల కడుపు ప్రక్కనుండు చిన్న తిత్తులను గూర్చి 1935లో వ్రాసిరి. 1940 ప్రాంతమున హైదరాబాదు సంస్థానపు చేపల సర్వేలో పాల్గొనినవారును ఆయనయే. నిజామాబాదు జిల్లా చేపలను గూర్చిన భాగము 1947లో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘపు పత్రికలో వెలువడినది. మన చెరువులలో ఏ చేప కలదు, ఏది లేదు అని తెలిసికొనుటకు ఈ సర్వేలు నేటికిని పనికివచ్చుచున్నవి.

ఇచ్చట ఒక మాట అనక తప్పదు. ఆ రోజులలో ఉస్మానియాలో పాఠము ఉర్దూలో, పరిశోధన వ్యాసము ఇంగ్లీషులో. పరిశోధింపబడిన చేపకు మాత్రము కొర్రమట్ట యను తెలుగు పేరే. ఆ పేరుతో దానిని పిలుచు రైతుకు అతని భాషలో ఆ విషయము చెప్పినవారు లేరు.

ఇక అసలు విషయము. నీటిలో కరగియుండు ప్రాణవాయువు బహు స్వల్పము. వేసవిలో లీటరు నీటిలో ఎంత ఎక్కువగా కరగినను ఏడున్నర మిల్లీగ్రాములకు మించదు. లీటరు గాలిలో 260 మిల్లీగ్రాములకు పైగా నుండును. చెరువు నీటిలో కుళ్లిన ఆకు, పెంట, నాచు ఎక్కువైనప్పుడు రాత్రియంతయు అవి ప్రాణవాయువును లాగుకొనుటవలన తెల్లవారుసరికి అది రెండు మిల్లీగ్రాములకు, ఇంకను తక్కువకు దిగును. మబ్బు పట్టిన రోజుల ఉదయమున బొచ్చెలు, రవ్వులు పైకి వచ్చి నోళ్లు తెరచుట మనము చూచునదే. అవి నీటి పైపొరలో నున్న కొద్దిపాటి ప్రాణవాయువు కొరకు ప్రాకులాడుచున్నవి. గాలిని వాడుకొను అవయవము వాటికి లేదు.

కొర్రమీనుకు ఆ అవయవము కలదు. తలలో మొప్పలకు పైభాగమున కుడివైపున ఒకటి, ఎడమవైపున ఒకటి చిన్న గదులుండును. వాటి లోపలి పొర ముడతలు ముడతలుగానుండి సన్నని రక్తనాళములతో నిండియుండును. చేప పైకి వచ్చి పాతగాలిని విడిచి, క్రొత్తగాలిని నోటితో మ్రింగి, ఆ గదులలో నింపుకొని మరల అడుగునకు పోవును. గదిలోని గాలి నుండి రక్తము ప్రాణవాయువును గ్రహించును. కొన్ని నిమిషములకొకసారి ఈ పని జరుగుచుండవలెను. నీరు వెచ్చనైన కొలది తొందర ఎక్కువ. కొర్రమీను మొప్పలు ఉన్నను, అవి ఒక్కటే దానిని బ్రతికింపజాలవు. కనుకనే పైకి రానీయకుండ అడ్డగించినచో ఎంత స్వచ్ఛమైన నీటిలోనైనను అది చచ్చును. నా డబ్బాలలో జరిగినది ఇదియే.

అయితే మొప్పలు వ్యర్థమని తలంపరాదు. శరీరములో పుట్టు బొగ్గుపులుసు గాలి ఎక్కువగా మొప్పలద్వారా, చర్మముద్వారా నీటిలోనికే పోవును. అందువలన కొర్రమీను పూర్తిగా నేలమీద బ్రతుకలేదు. ఒంటికి తడి తగులుచుండవలెను. సంచిలోని గ్లాసెడు నీరు ఆ తడి కొరకు, నీటిపైనున్న గాలి ఊపిరి కొరకు. రెండును ఉన్నందుననే దూద్‌బౌలి మందుకు వచ్చినవాని చేతిలో పిల్ల బ్రతికియుండుచున్నది. మట్టగిడస కూడ ఈ కుటుంబములోనిదే. మార్పు చేప వేరు జాతిదైనను దానికిని గాలిని వాడుకొను ఏర్పాటు వేరొక రూపమున కలదు.

క్రొత్తగా గ్రుడ్డు నుండి వెడలిన పిల్లకు ఈ గదులుండవు. అది మొదట నీటితోనే ఊపిరి పీల్చును. పెరుగుచుండగా గదులేర్పడి గాలికి అలవాటుపడును. హేచరీ తొట్లలో చిన్నపిల్లలకు నీటిలో ప్రాణవాయువు బాగుగ నుండవలెననుటకు కారణమిదే. కొర్రమీను గదా, ఏ నీటిలోనైనను బ్రతుకునని ఆ వయస్సులో ఉపేక్షించినచో తొట్టి తొట్టియే పోవును.

ఈ ఒక్క సంగతి మనస్సున నుంచుకొన్నచో కొర్రమీను పెంపకములో చేయవలసిన పనులనేకము వాటంతట అవియే అర్థమగును. పిల్లలను తెచ్చు డబ్బాలో మూడవవంతుకు మించి నీరు పోయరాదు, మూతకు రంధ్రములుండవలెను, తడిసిన నాచు కొంచెము వేయుట మంచిది. పట్టిన పెద్దచేపలను అంగడి తెరచువరకు వలసంచిలో కట్టి నీటిలో ముంచియుంచు అలవాటు కొన్ని ఊళ్లలో కలదు. బొచ్చెకు అది చెల్లును. కొర్రమీనుల సంచి పైభాగము నీటికి పైన నుండకున్నచో తెల్లవారునప్పటికి చచ్చిన సరుకే మిగులును. చచ్చిన కొర్రమీనుకు బ్రతికినదాని ధర రాదని వేరుగా చెప్పనక్కరలేదు.

కుంటలో కలుపు విషయమున రైతులు రెండు విధముల పొరబడుచున్నారు. కొందరు గడ్డిపోచ లేకుండ ఊడ్చివేయుదురు. మరికొందరు గుర్రపుడెక్కను అట్లే వదలుదురు. కొర్రమీనుకు అంచులలో కొంత కలుపు కావలెను: నీడకు, దాగుటకు, గూడు కట్టుటకు. నీటి నడుమ మాత్రము విశాలముగ తెరపి యుండవలెను. గుర్రపుడెక్క దట్టముగ అల్లుకొని నీటి ముఖమును మూసివేసినచో గాలికి దారియుండదు. పాతబస్తీ ప్రక్కనే ఉన్న మీరాలం చెరువును చూచినవారికి ఈ పిచ్చిమొక్క బలము తెలియును. 21 కమానులతో 1806 నాటికి కట్టిన ఆనకట్ట అది. ఉస్మాన్‌సాగరము, హిమాయత్‌సాగరము ఏర్పడువరకు నగరము త్రాగినది ఆ నీటినే. పిమ్మట మురుగునీరు చేరి గుర్రపుడెక్కకు ఎరువైనది. అట్టి నీటిలో బొచ్చె, రవ్వు నిలువలేకపోయినను గాలి పీల్చు చేపలు బ్రతుకగలవు. కాని బ్రతుకుట వేరు, తినదగియుండుట వేరు. మురుగు చేరిన నీటిలోని చేపను, అది ఎంత చురుకుగ నున్నను, కొనరాదని నా అభిప్రాయము.

గాలి పీల్చు చేపకు గట్టు ఒక అడ్డు కాదు. తొలకరి వానలలో గట్టు తడిసినప్పుడు కొర్రమీను ఎగిరి, ప్రాకి, ప్రక్క మడిలోనికి పోవును. కుంట చుట్టును గట్టుమీద రెండు మూడడుగుల ఎత్తున సన్నని వల కట్టి, దాని అడుగు మట్టిలో పూడ్చవలెను. వల ఖర్చు వృథాయని మానినవారు వర్షాకాలము చివర కుంట ఎత్తి చూచుకొని బాధపడిన సందర్భములు నేను చూచితిని.

గ్రామ పంచాయతీలవారికి, మత్స్య సహకార సంఘములవారికి ఇందులో వేరొక పాఠము కలదు. తెలంగాణ ప్రభుత్వము 2016-17 నుండి చెరువులలో వదలుటకు చేపపిల్లలను ఉచితముగ పంచుట ప్రారంభించినది. వాటిలో ముఖ్యమైనవి బొచ్చె, రవ్వు మొదలగు జాతులు. చెరువు ఎండినది, పాత చేప ఏమియు మిగులలేదని తలచి పిల్లలను వదలుదురు. కాని నీరు తీసినను అడుగున బురద మెత్తగ నున్నంతకాలము కొర్రమీను అందులో దూరి తడితో, గాలితో ప్రాణము నిలుపుకొనును. నీరు చేరగనే పైకి వచ్చును. అప్పుడు దాని ఎదుట అంగుళము, రెండంగుళముల బొచ్చె పిల్లలుండును. సంఘమువారు వదలిన పిల్లలు ఎటు పోయినవో తెలియక పంచినవారిని నిందించుట తరచు జరుగుచున్నది. చిన్నచెరువైనచో అడుగు పగుళ్లు బారువరకు ఎండనీయవలెను. పెద్ద చెరువులో అది సాధ్యముగాదు గనుక మూడు నాలుగంగుళములకు తక్కువ పిల్లలను అంగీకరింపరాదు.

కొర్రమీను దాంపత్యమును గూర్చి కొంచెము చెప్పవలెను. వానకాలమున లోతు తక్కువచోట, కలుపు నడుమ, ఆడ మగలు కలిసి గుండ్రని తెరపి చేసికొనును. గ్రుడ్లు పసుపువన్నెతో నూనె బొట్ల వలె నీటిపై తేలును. నీరు వెచ్చగనున్నచో ఒకటి ఒకటిన్నర దినములో పిల్లలు వెడలును. అవి ఎరుపు వన్నెకు తిరిగి, వందలకొలది ఒకే గుంపుగా నీటిపై మెదలుచుండగా తల్లిదండ్రులు క్రింద కాపలా కాయును. దగ్గరకు వచ్చిన కప్పను, చేపను తరిమికొట్టును. ఆ ఎర్రని గుంపు కనబడినచోట గాలము వేసినచో కాపలా చేప తప్పక పడును. ఇది తెలిసినవారు ఆ సమయముననే గాలము వేయుదురు. ఒక్క చేప దొరకును, వందల పిల్లలు ఇతర చేపల పాలగును. ఎర్రపిల్లల గుంపు ఉన్నచోట ఒక నెల గాలము వేయరాదని మత్స్య సంఘము తీర్మానించుకొన్నచో ఆ చెరువుకు వేరే కొర్రమీను విత్తనము కొనవలసిన పనియుండదు. దీనికి ఖర్చు లేదు. నెల దినములు మనస్సును అదుపులో నుంచుకొనుట మాత్రము కష్టము.

నేడు హేచరీలలో హార్మోను సూదిమందు ఇచ్చి గ్రుడ్లు పెట్టించి పిల్లలను తీయుచున్నారు. పిల్లలను కొనువారు ముఖ్యముగ చూడవలసినది ఎదుగుదల సమముగా ఉన్నదా లేదా అనునది. కొర్రమీను పిల్లలలో పెద్దది చిన్నదానిని మ్రింగును. ఇది ఆకలివలన మాత్రమే కాదు, కడుపు నిండియున్నను జరుగును. పది పదిహేను దినములకొకసారి వల లాగి పెద్దవాటిని, చిన్నవాటిని వేరు చేయుట తప్పనిసరి. మేతలో నూటికి 40 పాళ్లకు తగ్గకుండ మాంసకృత్తులుండవలెను. తవుడు, చెక్కతో బొచ్చెను పెంచిన అలవాటున కొర్రమీనును పెంచబూనినవారికి చేప ఎదుగదు, ఒకదానినొకటి తినుట మాత్రము ఎదుగును. నీటిపై తేలు గుళికల మేత మేలు. పైకి వచ్చినప్పుడు గాలియు, మేతయు ఒక్కసారే దొరకును, ఎంత తినినదో రైతుకును కనబడును.

గాలి పీల్చగల శక్తి దీనిని రోగము నుండి కాపాడదు. 1988లో ఈశాన్య భారతమున బయలుదేరి తరువాతి సంవత్సరములలో ఇతర రాష్ట్రములకు ప్రాకిన పుండ్ల రోగము అన్నిటికంటె కొర్రమీను, మట్టగిడసలనే ఎక్కువగా పీడించినది. ఒంటిపై ఎర్రని మచ్చ మొదలై లోతైన పుండగును. దీనికి మూలము ఒక నీటి బూజు. చలికాలమున నీరు చల్లబడినప్పుడు దీని ఉధృతి హెచ్చు. కార్తీక మాసము ముగియకముందే ఎకరమునకు సుమారు 80 కిలోల సున్నము చల్లుట ముందుజాగ్రత్త. నీటి పులుపును పరీక్షించి ఎంత చల్లవలెనో మండల మత్స్యశాఖాధికారిని అడుగుట ఉత్తమము. పుండుగల చేపను తీసి పూడ్చివేయవలెనే గాని ప్రక్క చెరువులో విసరరాదు. వర్షాకాలమున బయటి చెరువునీటిని కుంటలోనికి రానీయకుండుటయు అవసరము.

2016లో తెలంగాణ ప్రభుత్వము కొర్రమీనును రాష్ట్ర చేపగా ప్రకటించినది. గౌరవము తగినదే. విశ్వవిద్యాలయపు అలమారులలో ఈ చేపను గూర్చి తొంబది ఏండ్లుగా ఉన్న విషయము తెలుగులో చిన్న కరపత్రములుగ అచ్చయి, ప్రతి మత్స్య సంఘపు గదిలోను గోడకు వ్రేలాడినచో ఆ గౌరవమునకు అర్థముండును. జంతుశాస్త్ర విద్యార్థులు ఏటా మృగశిర నాడు నాంపల్లి మైదానమున చేపపిల్లల అంగడి ప్రక్కన ఒక బల్ల వేసికొని, కొర్రమీను తలలోని గాలిగదులను విప్పి చూపినను చాలును. చూడవచ్చువారికి కొరతయుండదు.

ఆ పది గుంటల రైతు మరుసటి ఏడు మరల పిల్లలను తెచ్చుటకు పోయెను. నేనును వెంట పోయితిని. ఈసారి డబ్బాలలో నీరు పోసినది ఆ వృద్ధుడు. మూతలకు మేకుతో రంధ్రములు కొట్టినదియు అతడే. దారిలో రెండుచోట్ల జీపు ఆపి, మూత తీసి, చెవి దగ్గర పెట్టి వినెను. లోపల పిల్లలు పైకి వచ్చి గాలి మ్రింగునప్పుడు చిటుకు చిటుకుమను చప్పుడు నాకును వినబడినది. కుంట గట్టున లెక్క చూడగా చచ్చినవి పదకొండు.